ఊరు పెరుగునప్పుడు వాననీటి త్రోవ



1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరమును మూసీనది ముంచివేసిన కథ మీలో పెక్కుమంది వినియే యుందురు. అఫ్జల్‌గంజి ఆసుపత్రి తోటలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమందివరకు బ్రతికి బయటపడిరని చెప్పుదురు. చెట్టు దొరకనివారు వేలకొలది కొట్టుకొనిపోయిరి. నేడు నేను చెప్పబూనినది ఆ నదిని గూర్చి కాదు; నదిలోనికి నీరు దెచ్చు చిన్న త్రోవలను గూర్చి. మన యూళ్లచుట్టును పొలములు ప్లాట్లుగా మారుచున్న యీ కాలమున ఆ సంగతి మనకు దూరమైనది కాదు.

మరుసటియేడు, 1909లో, నిజాముప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రావించినది. ఆయన తొలుత చేసిన పని లెక్కించుట. మూసీకి నీరు పారెడు సుమారు 860 చదరపు మైళ్ల నేలలో 788 చెరువులున్నట్లు తేలినది. అనగా ఇంచుమించు చదరపు మైలునకొక చెరువు. మీది చెరువు తెగి, ఆ నీరు క్రింది చెరువుపై బడి, అదియును తెగి, ఇట్లు వరుసగా దిగివచ్చిన నీరే నగరముపై బడినది. ఆయన సూచనపై మూసీకడ్డముగా ఉస్మానుసాగరము 1920లోను, ఈసాకడ్డముగా హిమాయతుసాగరము 1927లోను పూర్తియైనవి. ఈ రెండింటిని అందరు నెరుగుదురు. ఆ 788 చెరువులను మాత్రము అందరును మరచిరి.

పూర్వులు ఆ చెరువులను విడివిడిగా త్రవ్వలేదు. ఒకదాని అలుగు (తెలంగాణమున మత్తడి యందురు) పొరలిన నీరు వాగై క్రింది చెరువు చేరును. అలుగెంత వెడల్పుండవలెనో, వాగెంత లోతుండవలెనో మీదినుండి వచ్చు నీటినిబట్టి నిర్ణయించిరి. ఎండకాలమున ఆ వాగు ఎండిన ఇసుకగుంటవలె కనుపించును. దానిని బీడుభూమియని తలచి పూడ్చి యిండ్లు కట్టినవాడు పదియేండ్లు సుఖముగానే యుండవచ్చును. పదునొకండవయేట వచ్చిన నీరు తన పాతదారి మరచియుండదు.

ఇది క్రొత్తగా పాశ్చాత్యులు నేర్పిన విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ధర్మస్థీయాధికరణములోని వాస్తుప్రకరణమున, ఇంటినుండి నీరు చక్కగా వాలి పారునట్లు కాలువ యేర్పరుపవలెననియు, అది పొరుగువానికి ఎడముగా నుండవలెననియు, మీరినవానికి 54 పణములు దండమనియు విధించియున్నారు. మైసూరు పండితులు శామశాస్త్రిగారు ఆ గ్రంథమును అచ్చొత్తించినదియు 1909లోనే. వరదలెక్క వ్రాసిన ఇంజనీరుగారు ఆ సంవత్సరాంతమున కొలువునకు వెడలినదియు మైసూరునకే. కాకతాళీయమే, అయినను తలచుకొన్నపుడెల్ల నాకు సంతోషము కలుగును.

ఇక లెక్క చూతము. బడిపంతులకు ఈ యలవాటు వదలదు, క్షమింపుడు. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన కురిసిన ఆ నీరు సుమారు లక్ష లీటర్లగును. పది ఎకరములపై గంటకు రెండంగుళముల చొప్పున కురిసెనా, ఇరువది లక్షల లీటర్లు. ఆ పది ఎకరములును దున్నిన చేనైనచో చాలవరకు నేల త్రాగును. నాలుగవవంతు పారినదనుకొన్నను సెకనుకు 140 లీటర్లు చాలును. అదే నేలపై మిద్దెలును, సిమెంటురోడ్లును పరచినపిమ్మట ముప్పాతికవంతు పారును. అనగా సెకనుకు 420 లీటర్లు. మేఘము మారలేదు, కాలువలో నీరు మూడింతలైనది. అమెరికాలోని రాచెస్టరు నగరమున కుయిక్లింగు అను ఇంజనీరు వానను, కాలువలలోని నీటిని కొలిచి 1889లో ప్రకటించిన సూత్రమున కిదియే సారము. నీరింకని నేల యెంతపాలో, వాననీరు ఇంచుమించు అంతపాలు కాలువ కెక్కునని ఆయన చూపెను. నేటికిని కాలువల కొలతలు దానినిబట్టియే కట్టుదురు.

కాబట్టి క్రొత్త లేఅవుటునకు అనుమతి నడుగువాడు చూపవలసినది కాలువ గీత యొక్కటియే కాదు. తన ప్లాట్ల నీటితోబాటు ఎగువ పొలములనుండి తన నేలమీదుగా పారెడు నీటికిని కాలువ సరిపోవలెను. కాలువ అడుగుమట్టము అడుగడుగున తగ్గుచు పోవలెను. నడుమ మిట్ట యుండరాదు. మరుగుదొడ్ల మురుగును వాననీటితో కలుపరాదు. అన్నిటికంటె ముఖ్యము, ఆ కాలువ ఎక్కడ ముగియునో చూపవలెను. నేను చూచిన ఒక లేఅవుటు పటములో రోడ్లును, పార్కును, గుడిస్థలమును రంగులతో ముచ్చటగా దిద్దియున్నవి. కాలువ మాత్రము పటము అంచున ఆగిపోయినది. అంచుకావల నొక రైతు వరిమడి యున్నది. ఆ సంగతి పటము గీచినవానికి తెలియదు. రైతునకు మొదటి శ్రావణమాసముననే తెలిసినది.

హైదరాబాదులో 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన కురిసినది. 2020 అక్టోబరు 13న మరల కుండపోతగా కురిసి, చెరువులు పొంగి, వాటి దిగువ కాలనీలు మునిగినవి. మునిగిన చోట్లలో పెక్కు, చెరువు శిఖముననో పాత నాలాదారిననో వెలసినవే. నగరము మూసీగట్టు దాటి చెరువుల నేలపై బడినది గాన, నదికి కట్టిన ఆనకట్టలు ఈ చిన్న వరదల కడ్డుపడజాలవు.

2012లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భవననిర్మాణ నియమములలో ఈ విషయమున ఎడముల కొలతలు విధించినది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు విడువవలెను. పది మీటర్లకు మించిన వెడల్పుగల వాగునకు, నాలాకు 9 మీటర్లు. అంతకు సన్ననిదానికి 2 మీటర్లు. ఈ సన్ననివాటికి రెండు మీటర్లేనా యని నాకు అసంతృప్తి కలదు. ఊరిలో ముందుగా మాయమగునవి అవియే గదా!

ఆ యెడమును కొలువవలసినది నిర్ణీతమైన హద్దునుండి. పూడినపిమ్మట మిగిలిన సన్నని మోరీ యంచే హద్దని చూపువారుందురు. అసలు వాగు ఎంత వెడల్పో గ్రామనక్షా చెప్పవలెను. వేసవిలో ఆ ఇసుకలో చెలమలు త్రవ్వి నీరు త్రాగినవారు చెప్పవలెను. అట్టివారు ప్రతి గ్రామమునను ఇంకను కొందరున్నారు. లేఅవుటు కొలతలకు గొలుసు దెచ్చిన దినమున వారిని పిలుచుట అరుదు.