వరంగల్ ప్రాంతంలో బడిమానేత, ఉపాధి శిక్షణ

ఉమ్మడి వరంగల్ జిల్లాలో (2016, 2019 పునర్విభజనల తర్వాత ఆరు జిల్లాలు) పదో తరగతి పూర్తికాకుండానే చదువు ఆపేసిన పిల్లలను తిరిగి బడిలో చేర్చడానికి, వృత్తి నేర్పడానికి జరుగుతున్న కృషి ఇది.

చట్టం

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6–14 ఏళ్ల వారికే వర్తిస్తుంది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14–18 ఏళ్ల వారికి ప్రమాదకర పనులను మాత్రమే నిషేధించింది. తొమ్మిదో తరగతి పిల్లవాడు బడి మాని కూలికి పోతే ఆపే చట్టబలం అంతగా లేదు. బడిమానేత ఎక్కువగా కనిపించేదీ ఈ వయసులోనే.

కారణాలు

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి, మిర్చి రెండూ చేతులతో ఏరాల్సిన పంటలు. ఏరే కాలమంతా బడి నడిచే నెలల్లోనే వస్తుంది. లంబాడా తండాలకు, కోయగూడేలకు ఉన్నత పాఠశాలలు దూరం. ఆడపిల్లలకు చిన్నతనంలోనే పెళ్లి చేయడం, పదో తరగతి తప్పడం మరికొన్ని కారణాలు.

బడికి రప్పించే చర్యలు

1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం రాష్ట్రంలో మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన తొలి ఐదు జిల్లాల్లో వరంగల్ ఒకటి. 2004లో ప్రారంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు బడి మానేసిన బాలికలకు వసతితో చదువు చెబుతున్నాయి. తెలంగాణలో వీటిని పదో తరగతి వరకు, పలుచోట్ల ఇంటర్ వరకు పెంచారు. ఏటా వేసవి సెలవుల ముగింపు వేళ ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగే బడిబాట కార్యక్రమానికి ఈ జిల్లా అక్కంపేటలో పుట్టిన ప్రొఫెసర్ జయశంకర్ పేరు పెట్టారు. కూలి మానిన పిల్లలకు శిబిరాల్లో చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్చే బ్రిడ్జి కోర్సు పద్ధతిని రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ రూపొందించింది. ఆ కృషికి ఫౌండేషన్‌ను నడిపిన శాంతా సిన్హా 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు.

ఉపాధి శిక్షణ

ఐటీఐలలో వెల్డర్ వంటి కొన్ని ట్రేడ్లకు ఎనిమిదో తరగతి చాలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి రెండేళ్ల ట్రేడ్లకు పది పాసవ్వాలి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, 2023లో శంకుస్థాపన జరిగిన కాజీపేట రైల్వే తయారీ కర్మాగారం స్థానికంగా ఉపాధి అవకాశాలు. పది తప్పినవారు ఓపెన్ స్కూల్ ద్వారా పాసైతే రెండేళ్ల ట్రేడ్లకూ అర్హులవుతారు.