తంతి మోసిన పూలు

1908 మే 10, ఆదివారం. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని గ్రాఫ్టన్ ఒక చిన్న రైల్వే ఊరు. అక్కడి ఆండ్రూస్ మెథడిస్ట్ చర్చికి ఆ ఉదయం వచ్చినవాళ్ల కోసం 500 తెల్లటి కార్నేషన్ పూలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని పంపిన మనిషి మాత్రం అక్కడ లేదు. ఆమె ఫిలడెల్ఫియాలో ఉంది. పూలతోపాటు ఒక టెలిగ్రాం కూడా పంపింది. ఆ రోజు ఎందుకో, ఆ పూలు ఎవరి గుర్తుగానో అందులో రాసింది. చర్చిలో దాన్ని చదివి వినిపించారు. ఆమె పేరు అనా జార్విస్. మే నెల రెండో ఆదివారం నాడు అమ్మకు పూలు పంపే అలవాటుకు పుట్టిల్లు ఆ చర్చే.

ఆ రోజు పూలు ఒక దారిన వచ్చాయి, మాట ఒక దారిన వచ్చింది. కొద్దికాలంలోనే పూలవ్యాపారులు ఆ రెంటినీ కలిపి ముడివేశారు. చిన్న ఊళ్లో ఉన్న అయినవాళ్లకు దూరాన్నుంచి బొకే పంపడమనే వ్యాపారం కథంతా ఆ ముడిలోనే ఉంది.

అనా తల్లి ఆన్ రీవ్స్ జార్విస్ ఆ చర్చిలో ఏళ్ల తరబడి పిల్లల ఆదివారం బడి నడిపింది. డజను దాకా పిల్లల్ని కంటే నలుగురే పెద్దవాళ్లయ్యారు. మిగతావాళ్లను జబ్బులు తీసుకుపోయాయి. ఆ దుఃఖంతో మూల కూర్చోలేదు. 1858 నుంచి చుట్టుపక్కల ఊళ్లలో తల్లులను సంఘాలుగా కూర్చి, పాలు మంచివో కావో చూడటం, మందులు కొనివ్వడం, ఇళ్లలో శుభ్రత నేర్పడం మొదలుపెట్టింది. అంతర్యుద్ధం వచ్చినప్పుడు ఆ సంఘాలు రెండు పక్షాల సైనికులకూ సేవ చేశాయి. యుద్ధం ముగిశాక, 1868లో, నిన్నటిదాకా ఒకరినొకరు కాల్చుకున్న కుటుంబాలను ఒకచోట కూర్చోబెట్టింది కూడా ఆవిడే. 1905 మే 9న కన్నుమూసింది. కార్నేషన్ అంటే ఆవిడకు ఇష్టం.

ఈ పువ్వుకు తెలుగులో పేరు స్థిరపడలేదు. బొకేల కొట్లలో కార్నేషన్ అనే అంటారు. అంచులు కత్తిరించినట్టుండే ముద్దపువ్వు ఇది. వాడిపోయేటప్పుడు రేకులు రాల్చదు, లోపలికి ముడుచుకుంటుంది. తల్లి కూడా పిల్లల్ని చివరిదాకా అలాగే గుండెకు హత్తుకుంటుందని అనా చెప్పేది. మాట అందంగానే ఉంది. పూలకొట్టువాడికి మాత్రం ఇంకో గుణం కనిపిస్తుంది: కోసిన కార్నేషన్‌ను నీళ్లలో పెడితే రెండు వారాల దాకా నిలుస్తుంది. రైలు పార్సిల్ తప్ప మరో దారి లేని కాలంలో అదేం చిన్న గుణం కాదు. గులాబీ ప్రయాణంలో తల వంచేస్తుంది, కార్నేషన్ వంచదు.

1914 మే 9న అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మే రెండో ఆదివారాన్ని మాతృదినంగా ప్రకటించాడు. అప్పటికే మే వచ్చిందంటే తెల్ల కార్నేషన్ల ధర చెట్టెక్కుతోంది. తెల్లవి చాలకపోతే ఏం చేయాలి? తల్లి పోయినవాళ్లు తెల్లవి పెట్టుకోవాలి, తల్లి ఉన్నవాళ్లు ఎర్రవి పెట్టుకోవాలి అన్న పద్ధతిని పూలవ్యాపారులు బాగా ప్రచారంలోకి తెచ్చారు. తరతరాల ఆచారంలా కనిపించే ఈ నియమం వెనక సరుకు కొరత ఉంది. ఆచారాలు ఎలా పుడతాయో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇక తంతి సంగతి. చర్చిలో పూలు పంచిన 1908లోనే, సముద్రానికి అవతల బెర్లిన్‌లో మాక్స్ హ్యూబ్నర్ అనే పూలవ్యాపారికి ఒక ఆలోచన వచ్చింది. పువ్వును దూరం పంపితే వాడుతుంది. మాటను పంపితే వాడదు. మరి పువ్వును పంపడమెందుకు? మాటను పంపి, అక్కడి పువ్వునే అక్కడ ఇప్పిస్తే సరిపోదా? ఊరూరా పూలకొట్లను కలిపి ఆయన ఒక సంఘం పెట్టాడు. అదే తరువాత ఫ్లూరాప్ అయింది. 1910లో అమెరికాలో డజనుకు పైగా కొట్లవాళ్లు చేరి ఇదే పని మొదలుపెట్టారు. ఆ సంఘం పేరు ఫ్లోరిస్ట్స్ టెలిగ్రాఫ్ డెలివరీ, పొట్టిగా ఎఫ్‌టీడీ. దాన్ని నిలబెట్టినవాళ్లలో ముందువరసలో ఉన్న డెన్వర్ వ్యాపారి ఇంటిపేరు వాలెంటైన్. కథ రాసేవాడు ఆ పేరు పెడితే అతి చేశాడనేవాళ్లం. 1914లో ఆ సంఘం కాళ్లకు రెక్కలున్న మెర్క్యురీ దేవుణ్ణి గుర్తుగా పెట్టుకుంది. నిజానికి ఆ దేవుడి చేతిలో ఉండాల్సింది పూలు కాదు, కాగితం.

అప్పట్లో పని ఇలా జరిగేది. కొడుకు చికాగోలో ఉన్నాడు, తల్లి రెండు రోజుల ప్రయాణం దూరంలో ఒక చిన్న ఊళ్లో ఉంది. కొడుకు తన వీధి కొట్టులో డబ్బు కట్టి, ఎలాంటి పూలు కావాలో, చీటీ మీద ఏం రాయాలో చెబుతాడు. ఆ కొట్టు ఊరి కొట్టుకు తంతి కొడుతుంది. ఊరి కొట్టువాడు తన గాజుషెడ్డులో ఉన్న పూలు కోసి, కట్టి, కుర్రాడితో ఇంటికి పంపుతాడు. ఆర్డరు పట్టిన కొట్టు సుమారు ఐదోవంతు ఉంచుకుని మిగతాది ఇవ్వాలి. నెలాఖరుకు ఎవరు ఎవరికి ఎంత బాకీయో సంఘం తేలుస్తుంది. ముఖం ఎరగని వ్యాపారి మాట నమ్మి పూలు ముందు ఇవ్వడం, డబ్బు తరువాత తీసుకోవడం అంటే ఆ రోజుల్లో గుండె ధైర్యం కావాలి. అందుకే సంఘంలో చేర్చుకునే ముందు కొట్టు పరువు ఎలాంటిదో చూసేవారు.

దీనివల్ల పెద్ద లాభం ఎవరికి? పట్నం కొట్టుకు కాదు, చిన్న ఊరి కొట్టుకు. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప గిరాకీ లేని కొట్టుకు ఒక్కసారిగా దేశం నలుమూలల నుంచీ బేరాలు వచ్చాయి. పైగా ఊరి కొట్టువాడి దగ్గర పట్నంవాడికి లేని సరుకు ఒకటి ఉంది. ఆ వీధిలో ఫలానా ఆవిడ ఏ ఇంట్లో ఉంటుందో, ఏడాదిలోపు ఎవరిని పోగొట్టుకుందో, పూల వాసన పడదో పడుతుందో అతనికి తెలుసు. చిరునామాలో తప్పు ఉన్నా బొకే ఇంటికి చేరేది.

1917లో అమెరికా పూలవ్యాపారుల సంఘం కోసం బాస్టన్ ప్రకటనకర్త పాట్రిక్ ఓకీఫ్ ఒక నినాదం కట్టాడు. తెలుగులో చెబితే, ‘పూలతో చెప్పండి’. బ్రిటన్‌లో 1923లో ఇలాంటి శాఖను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు గ్లాస్గోవాడు. రెండోవాడు కార్ల్ ఎంగెల్మన్ ఉండేది శాఫ్రన్ వాల్డెన్ అనే చిన్న ఊళ్లో. కుంకుమపువ్వు పండించి పేరు తెచ్చుకున్న ఊరది. ఎంగెల్మన్ తోటలో పండేది మాత్రం మళ్లీ కార్నేషన్లే. 1946లో అమెరికా, యూరప్, బ్రిటన్ సంఘాలు కలిసి ఇంటర్‌ఫ్లోరా అయ్యాయి. దేశానికో నాణెం ఉంటే లెక్కలు కుదరవని, స్విస్ ఫ్రాంక్ ఆధారంగా ఫ్లూరిన్ అనే సొంత లెక్క పెట్టుకున్నారు. పూలకోసం ఒక నాణెం!

వ్యాపారం ఇలా పెరుగుతుంటే అనా జార్విస్ కోపమూ పెరుగుతూ వచ్చింది. ఆమె ఊహించిన రోజు వేరు. ఇంటికి రావాలి, కుదరకపోతే సొంత చేతిరాతతో ఉత్తరం రాయాలి. అచ్చువేసిన కార్డు కొని సంతకం పెట్టడమంటే సోమరితనమని ఆమె తీర్పు. పూలు కొనొద్దని జనానికి చెప్పింది. 1923లో ఫిలడెల్ఫియాలో మిఠాయివ్యాపారుల సమావేశంలోకి దూసుకెళ్లింది. 1925లో సైనికుల తల్లుల సంఘం కార్నేషన్లు అమ్మి చందాలు పోగుచేస్తోందని వాళ్ల సభలో గొడవ పెట్టుకుంటే పోలీసులు పట్టుకెళ్లారు. 1934లో తపాలాశాఖ చిత్రకారుడు విస్లర్ గీసిన తన తల్లి చిత్రంతో 3 సెంట్ల బిళ్ల తెచ్చింది. మూలచిత్రంలో లేని పూలకుండీ ఒకటి బిళ్లలో మూలన వచ్చి కూర్చుంది. ఆమె దానిమీదా విరుచుకుపడింది.

ఆవిడ కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగాన్ని ఒప్పుకోవడం కష్టం. బీమా కంపెనీలో ప్రకటనల విభాగంలో పనిచేసిన మనిషి, ఒక పువ్వును గుర్తుగా పెట్టి, ఒకేసారి 500 పంపి, 1912లో ఆ రోజు కోసం సంఘాన్ని కూడా రిజిస్టరు చేయించిన మనిషి, అది బజారుకు ఎక్కుతుందని ఊహించకపోవడం వింతే. చివరికి ఆ రోజును రద్దు చేయాలంటూ సంతకాలు కూడా సేకరించింది. 1948 నవంబర్ 24న పెన్సిల్వేనియాలోని ఒక శానిటోరియంలో చనిపోయింది. అక్కడి ఖర్చులో కొంత భరించింది పూలు, కార్డుల వ్యాపారాల వాళ్లే. ఇప్పుడు ఆ చర్చి జాతీయ చారిత్రక స్థలం. అమెరికాలో అమ్మే కార్నేషన్లు చాలావరకు కొలంబియా నుంచి మయామీకి విమానంలో వస్తున్నాయి. గాజుషెడ్డులో సొంతంగా పూలు పెంచే ఊరికొట్లు అరుదయ్యాయి.

తెలుగునాట తంతి చాలాకాలం మాటనే మోసింది. పెళ్లికి రాలేనివాళ్లు తపాలాఫీసులో శుభాకాంక్షల పట్టిక చూసి ఒక అంకె చెబితే, అవతల ఊళ్లో ఆ అంకెకు తగిన దీవెన అచ్చయి వచ్చేది. 2013 జులైలో టెలిగ్రాం సేవే ఆగిపోయింది. పూలు మాత్రం ఏ తంతీ లేకుండానే ఊరి బజారులో మూరల లెక్కన, శేరుల లెక్కన అమ్ముడవుతూ వచ్చాయి. బొకే ఆలస్యంగా, సన్మానాల వెంట వచ్చింది. ఇప్పుడు డాలస్‌లో ఉన్న కూతురు ఫోన్‌లో నొక్కితే తెనాలిలో తల్లి గుమ్మంలో జెర్బెరాల గుత్తి వాలుతోంది. హ్యూబ్నర్ ఆలోచనే, తంతి స్థానంలో యాప్.

కానీ మే రెండో ఆదివారం మనకు నడివేసవి. ఎక్కువగా బెంగళూరు వైపు పాలీహౌసుల నుంచి వచ్చే గులాబీలు, జెర్బెరాలు ఆ ఎండకు పూట తిరక్కుండా సొమ్మసిల్లుతాయి. అదే నెలలో గోదావరి పక్కన కడియపులంక మార్కెట్లో మల్లెలు రాశులు పోసి ఉంటాయి. యాప్ జాబితాల్లో మల్లెల మూర కనపడటం అరుదు. కాబట్టి దూరాన ఉన్న పిల్లలకు ఒక మనవి: ఈసారి ఆ ఊరి పూలకొట్టు నంబరు కనుక్కుని నేరుగా మాట్లాడండి. సాయంత్రం ఎండ తగ్గాక నాలుగు మూరలు ఇంటికి పంపమనండి. జడకో, దేవుడి పటానికో ఆవిడే చూసుకుంటుంది. చీటీ మీద రాయాల్సిన మాట మాత్రం మీరే చెప్పండి.