ఏ పురుగు పిల్ల ఇది?

తెలంగాణలోని తొండుపల్లి నుంచి బంగాళాఖాతం ఒడ్డుకు రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైమాటే. అయినా ఇక్కడి కాలేజీల్లో జువాలజీ చదివినవాళ్లకు సముద్రపు పురుగు నీరిస్ బాగా తెలుసు. ఒళ్లంతా ఖండితాలు, ఇరువైపులా పార్శ్వపాదాలు, వాటి నిండా శూకాలనే బిరుసు వెంట్రుకలు. ఇలాంటి పురుగులన్నీ పాలీకీట్లు. కానీ వాటి పిల్లల విషయానికొచ్చేసరికి ట్రోకోఫోర్ డింభకం అంటూ ఒక్క బొమ్మతో పాఠం ముగుస్తుంది. నిజానికి ఆ పిల్ల ఎవరిదో తేల్చడానికి శాస్త్రవేత్తలకు దాదాపు రెండు శతాబ్దాలుగా పని పడుతూనే ఉంది.

1840లో స్వీడన్‌కు చెందిన స్వెన్ లోవెన్ ఇలాంటి పిల్ల ఒకటి రూపం మార్చుకుని పురుగవడం గమనించాడు. ఆ తర్వాత జర్మనీకి చెందిన యోహానెస్ ముల్లర్ సన్నని గుడ్డ వలతో సముద్రాన్ని జల్లెడ పట్టాడు. వలలో పడినవాటిలో గంట ఆకారంలో ఉండి, పొడవాటి శూకాలు వేలాడే జీవి ఒకటుంది. తల్లి ఎవరో తెలియక దానికి మిట్రేరియా అని విడిగా పేరు పెట్టారు. అది ఒవీనియా పురుగుగా మారే తీరును 1932లో ఇంగ్లండ్‌లో డి.పి. విల్సన్ పూసగుచ్చినట్టు వర్ణించాడు. ట్రోకోఫోర్ అన్న పేరు 1878లో శాస్త్రవేత్త హాట్షెక్ పెట్టింది.

మన తీరంలో ఈ పనికి పుట్టిల్లు వాల్తేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జువాలజీ శాఖలో పి.ఎన్. గణపతి, వై. రాధాకృష్ణ వాల్తేరు తీరపు ప్లవకాల్లోని (నీళ్లలో తేలే చిన్న జీవుల్లోని) పాలీకీట్ డింభకాలపై 1958లో వ్యాసం వెలువరించారు. ఓడల అడుగున, రేవు గోడల మీద గట్టి గొట్టాలు కట్టుకునే పురుగులు కూడా చిన్నప్పుడు ఈ నీళ్లలో ఈదినవే. అందుకే రేవుకూ ఈ చదువుకూ సంబంధం ఉంది.

గుర్తుపట్టడం ఎలా? మైక్రోస్కోపు కింద స్పయోనిడ్ అనే పాలీకీట్ల పిల్లను చూడండి. తల మీద కళ్లు చుక్కల్లా కనిపిస్తాయి, చాలా జాతుల్లో వీపున నల్లటి మచ్చలు వరసగా ఉంటాయి. తాకగానే ముడుచుకుని పొడవాటి శూకాలను ముళ్లపందిలా విప్పుతుంది. నీరిస్ పిల్ల వేరు: మూడు జతల పార్శ్వపాదాలు రాగానే ఈదుతూ, పాకుతూ తిరుగుతుంది. ఫార్మలిన్‌లో వేస్తే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వెలిసిపోతాయి, ఒళ్లు ముడుచుకుపోతుంది. సగం ఆనవాళ్లు అక్కడే పోతాయి. అందుకే పిల్లను బతికుండగా చూడటం, అడుక్కి దిగి పెద్ద పురుగయ్యేదాకా పెంచడం, ఈ రెండింటికి మించిన పద్ధతి లేదని నా నమ్మకం.

ఇంత శ్రమ ఎందుకంటే కాపిటెల్లా సంగతి చూడాలి. మురికి నీటికి గుర్తుగా చెప్పుకునే పురుగు ఇది. విశాఖ రేవు కాలుష్యంపై రామన్, గణపతి 1983లో ప్రచురించిన పరిశోధనకు ఇలాంటి అడుగున బతికే పాలీకీట్లే ఆధారం. అంతకుముందే, 1976లో అమెరికాలో గ్రాసిల్ దంపతులు ఒక్కటే అనుకున్న కాపిటెల్లాలో అనేక జాతులున్నాయని చూపారు. పెద్దవన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి, గుడ్ల పరిమాణంలో, పిల్లలు ఎదిగే తీరులో తేడా. అంటే తల్లి ఎవరో తేల్చడానికి పిల్లను కూడా చూడాలి.

ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష వచ్చింది. అయితే తల్లి పురుగు డీఎన్ఏ ముందే నమోదై ఉంటేనే పిల్ల పేరు దొరుకుతుంది. మన తీరపు పురుగులను మనమే నమోదు చెయ్యాలి. విశాఖలో, కాకినాడలో జువాలజీ చదివే పిల్లలు వల లాగిన వెంటనే ఫార్మలిన్ పొయ్యకుండా ఒక గిన్నెడు నీళ్లు విడిగా ఉంచి, అందులోని డింభకాలను బతికుండగానే చూసి, బొమ్మ గీసి, తేదీ వెయ్యాలి.