చివరి పేజీ నుంచి కళింగపట్నం

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, కళింగపట్నం ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న వార్త వస్తుంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను ఈ ఊరికి కాస్త ఉత్తరాన తీరం దాటినప్పుడూ అంతే. హెచ్చరిక ఉంది, లైట్‌హౌస్ ఉంది, వాటిని చూసుకుని లంగరు వేయాల్సిన ఓడలే లేవు. ఈ ఊరి చరిత్ర చెప్పేవాళ్లు దాదాపు అందరూ ప్రాచీన కళింగంతో మొదలుపెట్టి, సువర్ణభూమికి వెళ్లిన వర్తకుల మీదుగా నడిచి, ఖాళీ రేవు దగ్గర నిట్టూర్చి ఆగిపోతారు. వైభవం, ఆపైన పతనం: ఈ వరస ఎంత అలవాటైపోయిందంటే, మధ్యలో ఎన్ని శతాబ్దాలను గెంతేశామో ఎవరూ లెక్క చూసుకోరు. కళింగపట్నాన్ని చివరి నుంచి మొదటికి చదివితే ఆ గెంతులు సాగవని నా వాదన.

అలా చదవడం ఎంత కష్టమో, ఏం లాభమో కొన్ని నవలలు నేర్పుతాయి. సారా వాటర్స్ ఇంగ్లీషు నవల ‘ది నైట్ వాచ్’ (2006) యుద్ధం ముగిశాక 1947లో మొదలై 1944కీ, అక్కణ్ణుంచి 1941కీ వెనక్కి వెళ్తుంది. మొదటి భాగంలో వివ్ అనే యువతి, కే అనే ఆవిడకు ఒక ఉంగరం తిరిగిచ్చేస్తుంది. ఎందుకిచ్చిందో మనకు తెలియదు. ఎవరెవరికి ఏమవుతారో గుర్తుపెట్టుకోలేక విసుగూ వస్తుంది. 1944లోకి వెళ్లాకగానీ, ప్రాణం మీదికి వచ్చిన ఒక రాత్రి, పెళ్లికాని ఆ పిల్లను పెళ్లైనదానిలా కనబరచడానికి ఆ ఉంగరం చేతులు మారిందని అర్థం కాదు. తర్వాత ఏమైందన్న ఆత్రం పోయి, ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న మొదలవుతుంది. కళింగపట్నం లైట్‌హౌస్ నాకు అలాంటి ఉంగరం.

దాన్ని పట్టుకుని వెనక్కి నడుద్దాం. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. అంతకు ముందు ఈ తీరం విశాఖపట్నం జిల్లాలో, 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రం కాకముందు గంజాం జిల్లాలో ఉండేది. ఇంకొంచెం వెనక బర్మా ఉంది. ఉత్తరాంధ్ర నోట రంగూన్ ‘రంగం’ అయింది. అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో తెలుగు కూలీలు వేలకు వేలు పనిచేశారు. 1942లో జపాన్ సేనలు రావడంతో ఎందరో కాలినడకన తిరిగొచ్చారు. అలా రంగం పోయినవాళ్లను గోపాలపురం, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో ఆగుతూ సాగే స్టీమర్లే ఎక్కించుకునేవి. ఇవి గోడకట్టిన రేవులు కావు. ఓడ దూరాన సముద్రంలోనే లంగరు వేసేది. మేకుల్లేకుండా కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు కెరటాల మీద ఊగుతూ మనుషుల్నీ మూటల్నీ చేరవేసేవి. మేకులు కొట్టిన పడవ ఆ కెరటాల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పలక వంగి తట్టుకుంటుంది. లైట్‌హౌస్ దేనికో ఇక్కడ తెలుస్తోంది. 1890లలో మద్రాసు, కలకత్తాల మధ్య తీరం వెంబడి వేసిన రైలు మార్గం కళింగపట్నం రాలేదు, ఆమదాలవలస మీదుగా పోయింది. సరుకు రైలెక్కడం మొదలయ్యాక పడవల మీద సరుకు దింపుకునే రేవుకు ఆదరణ తగ్గడం సహజం. కాబట్టి ఈ రేవును మూయించింది ప్రాచీన వైభవం మీద పడిన ఏదో శాపం కాదు, లోపలికి జరిగిన ఇనుప పట్టాలు.

కారణం ముందు, ఫలితం తర్వాత కదా, తిరగేసి చెబితే చరిత్ర గజిబిజి కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే కారణాలు జరిగిన వరస వేరు, మనం వాటిని కనిపెట్టే వరస వేరు. ముందుకు చెప్పే కథలో పాత వైభవాన్ని ముందే నమ్మేసి దానికి తగ్గ పతనాన్ని వెతుక్కుంటాం. వెనక్కి చదివేటప్పుడు ప్రతి మెట్టుకూ ఆధారం చూపించాలి. 1766లో ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. అంతకు మునుపు శ్రీకాకుళం గోల్కొండ ఫౌజుదార్ల కేంద్రం, 1641 నాటి జామియా మసీదు అందుకు సాక్ష్యం. దాని వెనక ముఖలింగంలో తూర్పు గాంగుల గుడులు, వాటి గోడల నిండా శాసనాలు. మెట్టు మెట్టుకూ రాజులు మారుతున్నారు, రాజధాని మారుతోంది. మారనిది ఇక్కడ సముద్రంలో కలిసే వంశధార ఒక్కటే. ముందుకు చెప్పే కథలో నేపథ్యంలా పడివుండే నది, వెనక్కి చదివితే ముఖ్యపాత్ర అవుతుంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. నేటి పేరు పట్టుకుని వెనక్కి పోతే దొరికిన ప్రతిదాన్నీ ఆ పేరుకే కట్టేస్తామన్న భయం. దంతపురం సంగతి చూడండి. బుద్ధుడి దంతం సింహళానికి వెళ్లింది కళింగంలోని దంతపురం నుంచేనని బౌద్ధ గాథ. ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన ‘పలూర’ అదేనని, ‘పల్లు’, ‘ఊరు’ కలిస్తే దంతపురమేనని సిల్వా లెవీ అనే ఫ్రెంచి పండితుడు ఊహించాడు. తెలుగు చెవికి ఎంత ఇంపుగా ఉందో! కానీ సరుబుజ్జిలి మండలంలోని దంతవక్త్రుని కోటతో పాటు పూరీ, గంజాం తీరంలోని పాలూరు కూడా ఆ పేరు మాదేనంటున్నాయి. కాబట్టి చెవికి ఇంపైన మాటను నేను మెట్టుగా ఒప్పుకోను, మట్టిని ఒప్పుకుంటాను.

ఆ మట్టి కళింగపట్నానికి ఆరేడు కిలోమీటర్ల ఎగువన, శాలిహుండం కొండ మీద ఉంది. 1919లో దాన్ని లోకానికి చూపింది గిడుగు వెంకట రామమూర్తి. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, ఆ గుడి శాసనాలను తనంతట తానే చదవడం నేర్చుకున్న మనిషి. తవ్వకాలు జరిపేవాళ్ల పని కూడా తిరగేసిన నవల చదవడమే: పార ముందు తాకేది ఆఖరి రోజులనే. ఇక్కడ తారా, మారీచి విగ్రహాలు చివరి కాలపు వజ్రయాన బౌద్ధానివి. వాటికి వెనకది ఇటుక స్తూపాలు, అక్షరాలు గీసిన కుండపెంకుల కాలం. అట్టడుగున క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం. దాని కింద ఇటుక లేదు. కొండ, కొండ కింద వంశధార, ఇంకా లైట్‌హౌస్ గానీ స్టీమరు గానీ ఎరగని నదీమొగ.