రేణిగుంట మీదుగా రాకాసిలోయ

మద్రాసు నుంచి కడప, గుంతకల్లు వైపు పోయే మెయిలు రేణిగుంట దాటాల్సిందే. 1871లో మద్రాసు, బొంబాయి రైలు దారులు రాయచూరు దగ్గర కలిసినప్పటి నుంచీ ఇదే వరస. గూడూరు, కాట్పాడిల మధ్య వేసిన మీటరుగేజి లైను కూడా ఇక్కడే తగలడంతో ఊరు జంక్షనైంది. బొంబాయి వైపు నుంచి వచ్చే తిరుపతి యాత్రికులు పెద్ద బండి దిగి, చిన్న బండి కోసం ఇక్కడే కాచుకునేవారు. ఆ కాచుకోవడంలో పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టగలిగినవి రెండే: తినుబండారాలు, చందమామ.

చందమామకు ఈ దారితో చుట్టరికం ఉంది. 1947 జులైలో చక్రపాణితో కలిసి మద్రాసులో ఆ పత్రిక మొదలుపెట్టిన బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొత్తిపాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చిత్తూరు జిల్లా ఇటు వచ్చింది, పత్రిక మాత్రం మద్రాసులోనే ఉండిపోయింది. అక్కడి నుంచి కడప వైపు రైల్లో వచ్చే కట్టలు రేణిగుంట మీదుగానే రావాలి. తెలుగూ అరవమూ కలగలిసిన ఈ ప్రాంతంలో ఒకే కథను ఒకింట్లో ‘చందమామ’లో, పక్కింట్లో ‘అంబులిమామ’లో చదువుకునే వీలుండేది.

చందమామలో అందరూ ముందు తిప్పే పేజీలు ధారావాహికవి. 1954లో ‘తోకచుక్క’తో దాసరి సుబ్రహ్మణ్యం ఈ మాయల, మాంత్రికుల లోకాన్ని తెరిచారు. తర్వాత ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’... ఒకటి ముగిస్తే ఇంకొకటి. 1952లో చందమామలో చేరిన ఆయన 2006 దాకా అక్కడే పనిచేశారు. అయినా ధారావాహిక మీద రచయిత పేరు వేసేవారు కాదు. ఇంటింటా కథ తెలుసు, కథకుడెవరో తెలియదు!

1961లో మొదలైన ‘రాకాసిలోయ’ మూడేళ్లు సాగింది. మొదలైనప్పుడు రెండో తరగతిలో ఉన్న పిల్ల అది ముగిసేనాటికి ఐదులోకి వచ్చేసింది. కేశవుడు, జయమల్లుడు, వాళ్ల వెంటపడే బ్రహ్మదండి మాంత్రికుడు ఆ పిల్ల ఇంట్లో మనుషులైపోయారు. నిజానికి ఇలాంటి కథల్లో రుచంతా నడుమ భాగాలదే. మొదటి సంచికలో ఎవరు ఎవరో పోల్చుకోవడంతోనే సరిపోతుంది. చివరి సంచికలో లెక్కలన్నీ తేల్చేయాలి గనక పెళ్లిళ్లు, పట్టాభిషేకాలు హడావుడిగా జరిగిపోతాయి. పదో భాగమో ఇరవయ్యో భాగమో అలా కాదు. మనుషుల గుణాలు మనకు తెలుసు, ఎవడు ఎక్కడ తడబడతాడో ఊహించగలం, అయినా రచయిత మన ఊహను పక్కకు తిప్పేస్తాడు. దాసరి పనితనం అక్కడుంది. ‘మాయాసరోవరం’లో జయశీలుడి పక్కన సిద్ధసాధకుణ్ని పెట్టినట్టు, వీరుడికి ఓ వాచాలుణ్ని జతచేసి, భయం మధ్యలో నవ్వు పుట్టించేవారు.

మధ్యలో చేరినవాళ్లకూ దారి ఉండేది. ప్రతి భాగం నెత్తిన జరిగిన కథ నాలుగు ముక్కల్లో ఉండేది. జంక్షన్‌లో బండెక్కినట్టు ఎక్కడైనా ఎక్కేయొచ్చు. ఇక చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలు. కొమ్ములున్న ఏనుగులు, రెక్కల మొసళ్లు అంటే నమ్మని పిల్లలు కూడా ఆయన గీతలో చూస్తే నమ్మేసేవారు. 1978లో చిత్ర పోయారు. ఆ తరానికి రాక్షసుడంటే ఇప్పటికీ ఆయన గీసిన రాక్షసుడే.

చక్రపాణికి ఈ మాయలమారి కథలు అంతగా రుచించేవి కావంటారు. ‘రాకాసిలోయ’ అయిపోయాక బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ వంటివి వేశారు. గొప్ప నవలే, కాదనలేం. కానీ పిల్లలకు మాంత్రికుడు కావాలి. 1966లో ‘పాతాళదుర్గం’తో ధూమక సోమకులు వచ్చాక గానీ వాళ్లు కుదుటపడలేదు. ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’ ఆ తర్వాతివి.

హారీ పోటర్ నాలుగో పుస్తకం 2000లో, ఐదోది 2003లో వచ్చింది. ఆ మూడేళ్ల నిరీక్షణ గురించి లోకమంతా వింతగా చెప్పుకుంది. తెలుగు పిల్లలకు నెలనెలా ఆ నిరీక్షణ అంతకు అర్ధ శతాబ్దం ముందే అలవాటు. తేడా ఏమంటే, వీళ్లు అర్ధరాత్రి దుకాణాల ముందు బారులు తీరలేదు. ఒక్క సంచిక కోసం ఇంట్లో అన్నాచెల్లెళ్లు జుట్లు పట్టుకున్నారు.

చాలామంది ఆ పేజీలను జాగ్రత్తగా విప్పి, వరసగా పేర్చి, దారంతో కుట్టి అట్టలు వేయించుకున్నారు. చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. దాసరి 2010లో కన్నుమూశారు. ఆయన ధారావాహికలు పుస్తకాలుగా దొరుకుతున్నా, చిత్ర రంగుల బొమ్మలతో, ఆనాటి ప్రకటనలతో సహా ఉన్నవి ఆ ఇంటి కుట్లే. మీ అటక మీద అలాంటి కట్ట ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ఇంట్లో పిల్లలకివ్వండి, నెలకు ఒక్క భాగం చొప్పున.