పావురముల తెగుళ్ళు: నాటి యెరుక, నేటి యెరుక



గౌతమీతీరమునగల కపిలేశ్వరపురము హరికథకు పేరువడిన యూరు. శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల అచ్చటనే యున్నది. హరికథలు వినుచు పెరిగిన పెద్దలకు శిబిచక్రవర్తి కథ చెప్పనక్కర లేదు. డేగ తరుముకొని రాగా పావురము రాజు నాశ్రయించెను. రాజు తన మాంసమును కోసి త్రాసులో వేసెను. ఆంధ్రమహాభారతమున అరణ్యపర్వమున ఈ కథ కలదు. ఆ మహాభారత మారంభమైన రాజమహేంద్రవరము మనకు ఎగువనే, ఈ గోదావరి యొడ్డుననే యున్నది. కథలోని ధర్మసూక్ష్మమును పౌరాణికులు మీకు చెప్పియే యుందురు. నేను చెప్పదలచినది ఆ డేగకును ఆ పావురమునకును గల వేరొక సంబంధమును గూర్చి.

ఐరోపాఖండమున రాజులు డేగలచేత వేటాడించు దినములలో, వానిని పెంచువారికి ఒక తెగులు బాగుగా తెలియును. డేగ నోటను గొంతునను పసుపుపచ్చని పొర కట్టును. మాంసపు ముక్కను నోట బెట్టుకొని మ్రింగలేక విదలించివేయును. కొలది దినములలో చిక్కి చచ్చును. దాని కారణము వారికి తెలియదు. 1878వ సంవత్సరమున ఇటలీదేశపు పశువైద్య పండితుడు రివోల్టా పక్షుల గొంతులోనుండి ఒక సూక్ష్మజీవిని తీసి వర్ణించెను. అది నీటిబొట్టులో తోకలాడించుకొనుచు ఈదునంతటి చిన్న ప్రాణి. దానికి స్వస్థానము పావురపు గొంతు. పావురమును పట్టి తిన్న డేగకు ఆహారముతోపాటు తెగులును సంక్రమించుచుండెను. నేటికిని డేగలు పెంచు జాగ్రత్తపరులు పావురమును పెట్టవలసివచ్చినచో తలయు మెడయు తీసివేసియే పెట్టుదురు.

ఈ తెగులే మన యిండ్ల పావురపు పిల్లలను అన్నిటికంటె నెక్కువగా తినివేయుచున్నది. పావురము ఇతర పక్షులవలె పురుగులు తెచ్చి పిల్ల నోట బెట్టదు. తల్లియు తండ్రియు గూడ మెడక్రింది తిండితిత్తిలో పాలవంటి పదార్థము నూరజేసి, పిల్ల ముక్కును తమ నోటిలోనికి తీసికొని త్రాగింతురు. మగపక్షి పాలిచ్చు వింత పక్షిజాతిలో బహు అరుదు. ఆ పాలతోడనే సూక్ష్మజీవియు దిగును. తల్లిదండ్రులు చూడ నిక్షేపముగా నుందురు. పిల్ల మాత్రము పదియవ దినమునకో పదునైదవ దినమునకో నోట పచ్చని జున్నువంటి గడ్డ కట్టి, ఊపిరాడక, గూటిలో చచ్చును. దిష్టి తగిలినదని కొందరు, పాము ఊదినదని కొందరు అందురు. నోరు తెరచి చూచిన నిజము తెలియును. ఆ గడ్డను పుల్లతో గోకి తీయరాదు. రక్తము కారి పిల్ల అప్పుడే పోవును. దీనికి మంచి మందులున్నవి. పశువైద్యుడు పక్షి బరువునుబట్టి మోతాదు చెప్పును. పిల్లకు మాత్రమే మందు వేసి తల్లిదండ్రులను విడిచిన యెడల, తరువాతి యీతలోను ఇదే కథ నడచును.

పావురములు పెంచుట మనదేశమున నిన్నటిది కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు వ్రాయించిన మానసోల్లాసమున రాజుల వినోదములలో కోడిపందెములతోపాటు పారావతవినోదమును చెప్పబడినది. అక్బరు పాదుషాకు పావురములనిన ప్రాణము. ఆయనకు ఇరువదివేలకు పైగా పావురములుండెనని అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో వ్రాసెను. ఆ యాటకు ఇష్క్‌బాజీ యని పేరు. రాజుల పావురములకు కావలివారుండిరి, దాణా కొలిచి పోయువారుండిరి. మనవారు ఆ వేడుకను మాత్రము గ్రహించి, ఆ సేవను విడిచినారని నా కనిపించును. పల్టీలు కొట్టు జాతియనియు, విసనకఱ్ఱవలె తోక విప్పు లక్కాజాతి యనియు సొమ్ము పోసి కొందురు; గూడు మాత్రము పెంకుటింటి చూరుక్రింద రెండు పాత పెట్టెలు.

ఇక సూక్ష్మదర్శిని వచ్చిన పిమ్మటి చరిత్ర. 1897 ఆగస్టు 20వ తేదిని మన సికిందరాబాదున రొనాల్డ్ రాసు అను సైనిక వైద్యుడు మలేరియా క్రిమిని దోమ కడుపులో చూచెను. మరుసటి యేడు కలకత్తాలో ఆయన ఆ శోధనను పూర్తిచేసినది మనుష్యులపై గాదు, పక్షులపై. పక్షులకును మలేరియా యున్నది. దోమకాటుచేతనే యది ప్రాకును. ఆయన అదృష్టమంతయు ఆ చిన్నపక్షులలో నుండెననిన తప్పులేదు.

పావురమునకు దానికి జ్ఞాతియైన మరియొక క్రిమి కలదు. అదియు రక్తములోనే కాపురముండును. 1890లో క్రూసె అను పండితుడు దానికి పేరు పెట్టెను. దానిని మోయునది దోమయే కావలెనని తలచినవారికి 1906లో ఆల్జీరియాలో సెర్జాన్ సోదరులు వేరొక జవాబు చెప్పిరి. పావురపు ఈకలలో చప్పిడిగా, బల్లిపరుపుగా నుండి, చేయి పెట్టగానే ప్రక్కకు పరుగెత్తు ఒక యీగ కలదు; పెంచువారందరును దానిని చూచియే యుందురు. ఆ యీగయే దోషి. ఆ క్రిమి యీగలో నెట్లు పెరుగునో మనదేశమున పనిచేసిన హెలెన్ ఏడీ అను విదుషి శోధించి 1915లో ప్రకటించెను. దీనివలన మనకు గల లాభమేమనగా, ఆ యీగ పక్షిమీద గ్రుడ్లు పెట్టదు. నల్లని గింజవంటి కోశమును గూటి చెత్తలోను నేల పగుళ్ళలోను జారవిడుచును. ఆ గింజ చిట్లి యీగ వెలుపలికి వచ్చుటకు మూడు వారములకు మించి పట్టును. కావున మూడు వారములకు లోపుగా గూటిలోని చెత్తనంతయు ఊడ్చి కాల్చి, పగుళ్ళలో గుల్లసున్నము పూసిన యింట ఆ యీగజాతి నిలువదు. పిల్లలు పాలిపోయి రక్తము లేక యున్నచో ముందు వెదకవలసినది ఈ యీగను.

దోమకును పని లేకపోలేదు. కాలువలును చెరువులును గల మనసీమలో వర్షములు పట్టగానే పావురముల కంటిచుట్టును ముక్కుమొదటను కాళ్ళమీదను బొబ్బలు లేచి పులిపిరులవలె గట్టిపడును. ఇది పక్షుల మశూచి. మనుష్యులకు అంటునది కాదు. చాలవరకు మూడు నాలుగు వారములకు తానై రాలును. కంటిమీదను నోటిలోను లేచినదే ప్రమాదము. గూటికి సన్నని దోమతెర కట్టించుట నాలుగు సీసాల మందుకంటె మేలు.

అన్నిటిలోను ఊరికి జగడము తెచ్చునది కొక్కెర తెగులు. 1926లో జావాద్వీపమునను, ఇంగ్లండున న్యూకాసిల్ పట్టణమునను కోళ్ళు గుంపులు గుంపులుగా చచ్చెను. 1927లో హిమాలయపు కుమాయూను కొండలలో రాణీఖేతమున అదే తెగులు కనబడుటచే మనదేశమున దానికి ఆ యూరిపేరే నిలిచెను. ఆ కొండలలోనే ముక్తేశ్వరమున గల పరిశోధనాలయమున 1940 తరువాత కోళ్ళకు టీకామందు సిద్ధమయ్యెను. కోటిపల్లి రేవు దాటగా వచ్చు మన ముక్తేశ్వరము కాదు సుమా! అప్పటికి పావురములవారు ఇది కోళ్ళవారి బాధయని ఊరకుండిరి. 1970 తరువాత, ఆ దశాబ్దపు చివరను, అదే జాతి విషక్రిమి పావురములకు ప్రత్యేకముగా అలవడిన రూపముతో పశ్చిమాసియాలో బయలుదేరి, 1980 దాటగానే ఐరోపా నంతటిని చుట్టివేసెను. 1984లో ఇంగ్లండున లివర్‌పూల్ రేవు గిడ్డంగులలో నిలువయుంచిన దాణామీద పావురములు రెట్ట వేయగా, ఆ దాణా తిన్న కోళ్ళకు తెగులు సోకెనని విచారణలో తేలినది.

ఈ ముచ్చట మన గోదావరి మండలములలో ఊరక పోనీయదగినది కాదు. సంక్రాంతికని సంవత్సరమంతయు బాదముపప్పు పెట్టి పెంచిన పుంజు హఠాత్తుగా మెడ వ్రాల్చిన యింటివారు, ప్రక్కయింటి పావురముల గూటివైపు చూచుట సహజము. అప్పుడు మధ్యస్థము చేయవలసినవారు ఊరి పెద్దలు. కావున చిహ్నములు మీరెరిగి యుండవలయును. పావురము గింజను పొడువబోయి ప్రక్కనేలను పొడుచును. మెడ గిరగిర తిరిగి తల క్రిందుమీదగును. రెట్ట పచ్చనినీరై పారును. విపరీతముగా నీరు త్రాగును. దీనికి మందు లేదు. కొన్ని వారముల తరబడి చేతితో మేపి నీరు త్రాగించినచో కొన్ని పక్షులు కోలుకొనును; కాని కోలుకొన్నదియు కొంతకాలము తెగులును వెదజల్లుచునే యుండును. టీకా ఆరోగ్యముగానున్న పక్షికే వేయవలెను.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో కోళ్ళఫారములయందు పక్షిజ్వరము బయలుపడినప్పుడు జనులు ఎంత బెదరిరో మీకు తెలియును. పావురము ఆ జ్వరమునకు కోడియంత సులభముగా లొంగదు. అయినను దాని కాళ్ళకును ఈకలకును మురికి అంటి ఊరూరు తిరుగవచ్చును. కోళ్ళు చచ్చుచున్న దినములలో పావురములను బయట ఎగురవేయక గూటిలోనే మేపుట ఇరుగుపొరుగువారి కుపకారము.

మనుష్యులకు వచ్చు హానిని లోకము మరికొంత ఆలస్యముగా తెలిసికొనెను. 1929, 1930 సంవత్సరములలో చిలుకలనుండి మనుష్యులకు ఒక విధమైన ఊపిరితిత్తుల జ్వరము సోకి పలుదేశములను భయపెట్టెను. 1940లో దక్షిణాఫ్రికాలో కోల్సు అను పశువైద్యుడు అదే రోగమును పెంపుడు పావురములలో కనుగొనెను. ఒక కన్ను ఎఱ్ఱబడి నీరు కారుచు, ముక్కు మూసుకొన్న పావురమును చూచినచో ఈ రోగమును తలపవలెను. 1955లో అమెరికాలో ఎమ్మన్సు పావురపు రెట్టలో ఒక బూజును పట్టెను. అది నీరసించిన వారి ఊపిరితిత్తులకును మెదడునకును చేటు చేయును. 1965లో, ఏ క్రిమియు లేకయే, రెట్టధూళిని ఈకలధూళిని ఏండ్ల తరబడి పీల్చిన పెంపకందారులకు ఆయాసము పట్టునని వైద్యులు స్థిరపరచిరి. కాబట్టి గూడు ఊడ్చుటకు ముందు నీరు చిలుకరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. ఆ పనిని ఉబ్బసపు వృద్ధులకును చంటిబిడ్డల తల్లులకును అప్పగింపరాదు. పావురపు రెట్ట పాదులకు మంచి యెరువను మాట నిజమే. తడిపి, గోతిలో మాగవేసి వాడుకొనుడు.

మన ఉత్తరపు పొరుగున ఒరిస్సా పోలీసువారు 1946లో సైన్యమునుండి తెచ్చుకొన్న పావురములతో వార్తలు పంపు ఏర్పాటును కోరాపుటు జిల్లాలో మొదలిడిరి. 1948 ఏప్రిలులో నెహ్రూగారు సంబల్పురమునుండి కటకమునకు వాని చేతనే వార్త పంపిరి. 1982 వరదలలోను 1999 తుపానులోను అవి అక్కరకు వచ్చెను. అట్టి పనిలో పక్షి యొక్కగంట ఆలస్యమైనను లెక్కయే. పందెపు పావురములు పెంచు మనవారును గమనింపవలసిన దిదియే: దారి తప్పిన పక్షిని, త్వరగా అలసిన పక్షిని సోమరియని తిట్టుటకు ముందు దాని గొంతును కీళ్ళను చూడవలెను. రెక్క కీలు వాచి వ్రేలాడినచో అది దెబ్బ కాకపోవచ్చును; ఎలుకలు త్రొక్కిన దాణావలన వచ్చు వేరొక తెగులది.

తెల్లవారి దాణా వేయు వేళయే పరీక్షకు తగిన వేళ. అన్నియు ఒక్కసారి దిగివచ్చునప్పుడు ఈకలు పొంగించి మూలను కూర్చున్న దానిని అప్పుడే వేరు చేయుడు. నీటిమూకుడును ప్రతిదినము తోమి, రెట్ట పడకుండ మూత యేర్పరచుడు. గొంతు తెగులు ముఖ్యముగా పాలవలనను ఆ నీటివలనను ప్రాకును. జొన్నలు, సజ్జలు, పెసలు పొడిగా నుండవలెను. 1986 ఆగస్టు వరదవంటిది వచ్చి గాదెలు తడిసినపుడు బూజుపట్టిన ధాన్యమును పారవేయలేక పక్షులకు వేయుదురు; అది విషము పెట్టుటయే.

సంతలో కొన్న క్రొత్త పక్షిని నేరుగా గూటిలో కలుపరాదు. 1377లో రగూసా రేవువారు తెగులుసీమలనుండి వచ్చినవారిని ముప్పది దినములు ఊరి వెలుపల నిలిపిరి. మన పెద్దలు అమ్మవారు పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టి రాకపోకలు మానిపించిరి. పావురమునకును అదే ముప్పది దినముల గడువు చాలును. వేరు గూడు, వేరు మూకుడు, దానికి మేత వేయుట అన్నిటికంటె చివర.

చచ్చిన పక్షిని మాత్రము కాలువలో విసరకుడు. ఒకటి రెండు వెంటవెంట చచ్చినచో, ఒకదానిని సంచిలో చుట్టి చల్లగానుంచి ఆనాడే పశువుల ఆసుపత్రికి పంపుడు. తక్కినవానిని కాలువగట్టుకు దూరముగా లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చుడు.