డిస్క్ గోల్ఫ్

డిస్క్ గోల్ఫ్ ఆరుబయట ఆడే ఒక క్రీడ. ఇందులో కర్ర గాని బంతి గాని ఉండవు. ప్లాస్టిక్‌తో చేసిన గుండ్రటి డిస్కును చేతితో విసురుతూ, ఇనుప గొలుసులు వేలాడే ఒక బుట్టలో పడేటట్లు చేయాలి. ఎవరు తక్కువ విసుర్లతో ఆట ముగిస్తే వారే విజేత. ఒక్కొక్క బుట్టకు చెందిన ఆటస్థలాన్ని గోల్ఫు అలవాటు కొద్దీ 'హోల్' అంటారు గాని, నేలలో గుంత ఏదీ ఉండదు. మైదానానికి 9 లేదా 18 హోల్స్ ఉండటం వాడుక. కర్రాబిళ్ళ ఆడినవారికి దూరం కొలవటం, గురి చూడటం కొత్త కాదు. కానీ ఇక్కడ లెక్క పెరిగేకొద్దీ ఓటమి దగ్గరవుతుంది.

చరిత్ర

కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రపు బ్లాడ్‌వర్త్ గ్రామంలో 1926లో కొందరు పాఠశాల విద్యార్థులు డబ్బా మూతలతో ఇటువంటి ఆటను ఆడారు. తరువాత అది మరుగున పడింది. ఫ్రెడ్ మారిసన్ రూపొందించిన ప్లాస్టిక్ పళ్ళాన్ని వామ్-ఓ సంస్థ 1957లో తీసుకొని 'ఫ్రిస్బీ' అనే పేరుతో అమ్మింది. అదే సంస్థలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాని పైభాగాన గీతలు చేర్చి, అది గాలిలో నిలకడగా ఎగిరేటట్లు చేసి, 1967లో పేటెంటు పొందాడు. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ ఉద్యానవనంలో 1975లో మొదటి శాశ్వత మైదానం ఏర్పడినది.

అక్కడ మొదట స్తంభాలే గురులు. డిస్కు స్తంభానికి తగిలినదా, పక్కనుంచి పోయినదా అనే తగవు తీరేది కాదు. ఆ తగవు తీర్చటానికే హెడ్రిక్ గొలుసుల బుట్టను కనిపెట్టాడు. ఆటలో నేటికీ నిలిచిన ముఖ్యమైన ఆవిష్కరణ ఇదే. దీనికి 1977లో పేటెంటు లభించింది. క్రీడాకారుల సంఘమైన పి.డి.జి.ఎ.ను కూడా ఆయనే 1976లో స్థాపించాడు. ఆయన 2002లో మరణించగా, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని కలిపి డిస్కులు తయారుచేశారు.

ప్రపంచంలో నేడు 15 వేలకు పైగా మైదానాలు కలవు. ఫిన్లాండు, ఎస్టోనియా వంటి అడవుల దేశాలలో ఈ ఆటకు ఆదరణ ఎక్కువ. అమెరికాలో తెలుగువారు గణనీయంగా నివసించే డల్లాస్, ఆస్టిన్, షార్లెట్ నగరాలలో ఉచితంగా ఆడుకోదగిన మైదానాలు ఉద్యానవనాలలోనే ఉన్నవి.

చెట్ల మధ్య ఆట

మైదానాలు బయలులోనూ ఉంటాయి, అడవిలోనూ ఉంటాయి. అడవి మైదానం చూడగానే కొత్తవారికి బెదురు కలుగుతుంది. నిజానికి హోల్స్ పొట్టిగా, అనగా 200 నుంచి 300 అడుగుల లోపు ఉంటే, కొత్తవారికి అదే మేలు. చెట్ల చాటున గాలి వేగం తక్కువ. పైగా బలవంతుడు విసిరిన డిస్కయినా వంద అడుగుల దగ్గర మానుకు తగిలి ఆగిపోవచ్చును. మెల్లగా, తిన్నగా విసిరినవాడు అతనికంటె ముందుంటాడు. పిల్లలు, పెద్దలు కలిసి ఆడటానికి వీలు కలిగేది అందువల్లనే.

డిస్కులు ముఖ్యంగా మూడు రకాలు: దూరానికి డ్రైవర్, నడిమి దూరానికి మిడ్‌రేంజ్, బుట్ట దగ్గర పుటర్. కొత్తవారు డ్రైవర్‌ను కొన్నాళ్ళు ముట్టకపోవటమే మంచిది. దాని అంచు పలుచన. తగిన వేగంతో విసరలేనప్పుడు అది త్వరగా పక్కకు ఒరిగి పొదలలో దూరుతుంది. కుడిచేతివాటం వారు ఎడమ భుజం వైపు నుంచి విసిరినపుడు, పైనుంచి చూస్తే డిస్కు గడియారపు ముళ్ళ దిశలో తిరుగుతుంది. వేగం తగ్గిన చివరి దశలో ఎడమకు వంగుతుంది. ముంజేతిని ముందుకు ఝాడించి విసిరితే దీనికి వ్యతిరేకం. దారి ఎటు వంగితే అటు వంగే విసురును ఎంచుకోవటమే అడవి ఆటలోని కిటుకు. తిరుగుడు చాలకపోతే ఎంత బలమున్నా డిస్కు తడబడి పడిపోతుంది. బొంగరం ఆడించినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

పచ్చని, గోధుమరంగు డిస్కులు ఆకులలో కలిసిపోతాయి కనుక ఎరుపు, నారింజ, గులాబి రంగులు వాడాలి. ఒకరు ముందుగా పోయి, డిస్కు పడేచోటికి పక్కగా చెట్టు చాటున నిలబడి చూడటం మంచి అలవాటు. పొదలో చేయి పెట్టే ముందు కర్రతో కదిలించాలి. పాముల సంగతి మన కొండలలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ముందు దారిలో మనుషులు గాని, పశువులు గాని ఉంటే విసరరాదు.

నియమాలు

డిస్కు ఆగినచోట చిన్న గుర్తుబిళ్ళ పెట్టి, దాని వెనుకనుంచి తరువాతి విసురు వేయాలి. డిస్కు కొమ్మల్లో చిక్కుకుంటే సరిగ్గా దాని కిందనే గుర్తు. రెండు మీటర్లకు పైన చిక్కితే ఒక విసురు దండన వేసే నియమం కూడా ఉన్నది గాని, నిర్వాహకులు ముందుగా ప్రకటిస్తేనే అది వర్తిస్తుంది. బుట్టకు 10 మీటర్ల లోపు విసిరినవారు నిలదొక్కుకున్న తరువాతే గుర్తు దాటాలి. గుర్తు వెనుక, కాలు మోపేచోట ఉన్న ఎండుటాకులను, రాళ్ళను తొలగించవచ్చును. ఎదురుగా ఉన్న కొమ్మను మాత్రం విరచకూడదు, వంచి పట్టుకోకూడదు.

కొత్తవారు తరచు మీరే నియమం ఈ చివరిదే. ఒక్కరు విరిచిన రెమ్మతో అడవికి నష్టం లేదనిపిస్తుంది. అయితే మైదానం ఆయుర్దాయం దాని చెట్లపైననే ఆధారపడి ఉంటుంది. బుట్ట చుట్టూ అడుగులు పడి నేల గట్టిబడితే వాన నీరు ఇంకదు, వేళ్ళు బయటపడతాయి. పదేపదే డిస్కులు తగిలే మానులకు బెరడు లేచిపోతుంది. అందుకే చక్కగా నడిచే మైదానాలలో బుట్టలను కొంతకాలానికొకసారి వేరొక చోటికి మారుస్తారు, నడిచే దారుల్లో చెక్కపొట్టు పరుస్తారు.

తూర్పు కనుమలలో

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయ చల్లదనం, అనంతగిరి దారిలోని సిల్వర్ ఓక్ నీడలు చూసినవారికి ఇక్కడ ఈ ఆట బాగుంటుందనిపించటం సహజం. కానీ ఆ నీడ ఉత్త నీడ కాదు. సిల్వర్ ఓక్ చెట్లను కాఫీ మొక్కల రక్షణకు నాటారు. వాటి మానులకు మిరియాల తీగలు పాకి ఉంటాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ గిరిజన కుటుంబాల జీవనాధారం. తీగకు డిస్కు తగిలితే రాలేది ఒక కుటుంబపు పంట.

పైగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ ప్రాంతం రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు కిందకు వస్తుంది. 1959 నాటి 1వ రెగ్యులేషన్, దానికి 1970లో జరిగిన సవరణ ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదు. 1997 నాటి సమతా తీర్పు ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు లీజుకివ్వటాన్ని కూడా ఈ కట్టడి కిందకే తెచ్చింది. అటవీభూమిని ఇతర అవసరాలకు వాడాలంటే 1980 చట్టం క్రింద కేంద్రం అనుమతి కావాలి. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ప్రాధాన్యమిచ్చినవి. కనుక అరకులో ఎవరైనా ఈ ఆటను తలపెడితే మొదట అడగవలసినది గ్రామసభనే. ఊరి బడి ఆవరణలో, గ్రామస్థులు చూపిన చోట, వెదురు గంపను గుంజకు కట్టి ఆడుకోవటానికి మాత్రం పెద్ద ఖర్చు అక్కరలేదు. ఆట మెళకువలన్నీ దానితోనే నేర్వవచ్చును.